పాత కమొడోర్‌ను తూకానికి వేయకండి

సంపాదకులు గారికి,

అటక మీద 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64 ఉంటే దయచేసి పాత ఇనుముకి వేయకండి. 1978లో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ సూస్ మొదలుపెట్టిన బులెటిన్ బోర్డు (ఇతరులు తమ కంప్యూటర్ నుంచి కాల్ చేసి సందేశాలు చదివే, రాసే చోటు) లాంటిదాన్ని దానితో నేటికీ నడపొచ్చు, ఫోన్ లైన్ లేకుండా ఇంటర్నెట్ మీదే.

ముందుగా పవర్ సప్లై. దాని రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టుల లైన్ పెరిగిపోయి మెమరీ చిప్‌లు కాలిపోతాయి. కంప్యూటర్‌కు తగిలించకముందే మల్టీమీటర్‌తో చూడండి. 5.25 వోల్టులు దాటితే ఇటుకలాంటి ఆ పవర్ సప్లైని పక్కన పెట్టేయండి. అమెరికా నుంచి తెచ్చిందైతే మన 230 వోల్టులకు నేరుగా పెట్టకూడదు.

తర్వాత కంప్యూటర్ వెనుక ఉండే యూజర్ పోర్టుకు ఈఎస్పీ8266 చిప్ ఉన్న వై-ఫై మోడెమ్ తగిలించండి. అది 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే అందుకుంటుంది. వేగం 1200 బాడ్‌తో మొదలుపెట్టండి. పీసీ సీరియల్ కేబుల్‌ను ఈ పోర్టుకు నేరుగా కలపొద్దు, లోపలి చిప్ పోతుంది.

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే: బోర్డు నుంచి బయటికి కాల్ వెళ్తుంది, లోపలికి రాదు. రౌటర్‌లో వ్యాన్ (WAN) ఐపీ, అంటే బయటి ఇంటర్నెట్ వైపు దాని చిరునామా, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది అనేకమందికి ఉమ్మడి చిరునామా. బయటి కాల్‌ను బోర్డుకు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ రౌటర్‌లో ఎంత చేసినా పనికిరాదు. కనెక్షన్ ఇచ్చినవారిని స్టాటిక్ ఐపీ, అంటే మీకే చెందిన మారని చిరునామా, అడగాలి. కాల్స్ అందుకునే పోర్టు నంబరుగా టెల్నెట్‌కు (బోర్డుకు ఇంటర్నెట్ మీద కాల్ చేసే పద్ధతి) మామూలుగా ఉండే 23 వాడొద్దు. బాట్లు (తమంతట తామే వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములు) ఎడతెగకుండా తలుపు తడతాయి, ఉన్న ఒక్క లైనూ బిజీ అవుతుంది. 6400 పెట్టుకోండి. టెల్నెట్‌లో పాస్‌వర్డ్ బహిరంగంగానే వెళ్తుంది కాబట్టి బ్యాంకుకు వాడే పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టొద్దు.

— ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ