ఉగాది సంచులు: ఆదివారంలోగా చెప్పండి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మన వీధి ఉగాది కలయికకి 120 సంచులు చేయిస్తున్నాం. ఆదివారం సాయంత్రం 6కి ఆర్డర్ ఇచ్చేస్తాను. మీ ఇంటికి ఎన్ని కావాలో ఆలోగా ఇక్కడే పెట్టండి.

జనపనారే బాగుంటుందని కొందరి మాట. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. పోయినేడాది అదే కదా చేయించాం! నేత గరుకు, అక్షరాలు సన్నం. ఒత్తులన్నీ రంగుతో పూడుకుపోయి 'శుభాకాంక్షలు' చదవడానికి రాలేదు. మా ఇంట్లో అదిప్పుడు ఉల్లిపాయల సంచి.

ఈసారి కోరా కాటన్ (బ్లీచ్ చేయని నూలు బట్ట), స్క్రీన్ ప్రింటింగ్. ఒకటే రంగు, ముదురు ఆకుపచ్చ. ఎన్ని రంగులైతే అన్ని స్క్రీన్లు (రంగు దింపే జాలీ చట్రాలు) చేయాలి, ఖర్చు పెరుగుతుంది. ఒకే రంగు కాబట్టి తెలుగూ ఒడియా రెండూ ఒక్క స్క్రీన్‌లో వచ్చేస్తాయి. ఒడియా చదవగలిగినవాళ్ళు డిజైన్ ఒకసారి చూడండమ్మా. తప్పుంటే 120 మీదా పడుతుంది.

నాన్ వోవెన్ (నేయని) సంచి చవకే. బట్టలా కనిపిస్తుంది గానీ అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టికే. పైగా 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు 60 గ్రాములు) కంటే పల్చనివి 2021 సెప్టెంబర్ 30 నుంచి నిషేధం. వద్దు.

పిల్లల మిఠాయికి క్రాఫ్ట్ పేపర్ (గోధుమరంగు గట్టి కాగితం) సంచులు. అరిసెలు నేరుగా వేస్తే నూనె దిగుతుంది, లోపల బటర్ పేపర్ పెట్టండి.

ఇంటికి 150 రూపాయలు, శనివారం లోపు. పోయినేడు బాకీ ఉన్నవాళ్ళు కూడా (పేర్లు చెప్పను)!

కాటన్ సంచి తొలిసారి చన్నీళ్ళలో విడిగా ఉతకండి, కాస్త ముడుచుకుంటుంది. ఇస్త్రీ తిరగేసే చేయండి.