చెక్కు ఎవరి పేరున?

సంపాదకుడికి,

అమెరికా కాలేజీల్లో ఫ్రాటర్నిటీ (మగ విద్యార్థుల సంఘం) పూర్వ సభ్యులు చనిపోయిన మిత్రుడి పేరిట స్కాలర్‌షిప్ పెట్టడం మామూలే. పొరపాటు చెక్కు రాసే దగ్గరే మొదలవుతుంది. పన్ను చట్టం దృష్టిలో చాప్టర్ (కాలేజీలోని ఫ్రాటర్నిటీ శాఖ) సాధారణంగా 501(సి)(7) సెక్షన్ కింద ఒక క్లబ్బు, దానికిచ్చిన విరాళానికి దాతకు పన్ను మినహాయింపు లేదు. 501(సి)(3) సెక్షన్ కింద ధార్మిక సంస్థగా గుర్తింపున్న ఫౌండేషన్‌కో, నేరుగా కాలేజీకో ఇవ్వాలి. ఫలానావాళ్ల అబ్బాయికే అని పేరు పెట్టినా మినహాయింపు పోతుంది.

ఇక లెక్క. అసలు మొత్తాన్ని కదపకుండా ఏటా 4 శాతం తీస్తే 25,000 డాలర్లకు వచ్చేది వెయ్యి. దుఃఖంలో 6,000 పోగుచేసి ‘శాశ్వత నిధి’ అని బోర్డు కడితే ఏడాదికి 240 డాలర్లు, మహా అయితే రెండు మూడు పుస్తకాలు! అంతకంటే ఏటా 1,500 చొప్పున నాలుగేళ్లలో పంచేయడం నయం.

‘ఈ చాప్టర్ సభ్యులకే’ అని రాసుకున్న నిధి, చాప్టర్ మూతపడితే ఇరుక్కుపోతుంది. కాలేజీలు చాప్టర్లను సస్పెండ్ చేయడం అరుదేమీ కాదు. ‘అర్హులు లేకుంటే అదే కాలేజీలో అవసరమున్న ఏ విద్యార్థికైనా’ అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో ముందే ఉండాలి.

ఇంకొకటి: బయటి స్కాలర్‌షిప్ రాగానే కొన్ని కాలేజీలు తామిచ్చే గ్రాంటులో అంత కోసేస్తాయి. గ్రాంటు కోయకుండా ముందు విద్యార్థి అప్పు తగ్గించండని కాలేజీ ఎయిడ్ ఆఫీసును (ఆర్థిక సాయం చూసే విభాగాన్ని) రాతపూర్వకంగా అడగాలి. ఫీజులకు, పుస్తకాలకు వాడితే విద్యార్థికి పన్ను లేదు, హాస్టలుకూ భోజనానికీ వాడితే ఉంటుంది.

– ఒక పాఠకుడు