‘క్రెసెంట్ సిటీ’ ఇకపై అడిగి ఇస్తాం

పాఠక మిత్రులకు,

విషయం ముందే చెప్పేస్తాను. అమెరికన్ రచయిత్రి సారా జె. మాస్ రాసిన ‘క్రెసెంట్ సిటీ’ ఫాంటసీ నవలల సిరీస్ అమ్మడం మేం మానేయడం లేదు. మానేస్తున్నామని కొందరు అనుకుంటున్నారట, అదేం లేదు. తలుపు పక్క బల్ల మీద ‘తప్పక చదవాల్సినవి’ అనే అట్టముక్క పెట్టి, దాని చుట్టూ గుట్టగా పేర్చిన మూడు భాగాలూ లోపలి ఫాంటసీ అరలోకి వెళ్లాయి. అట్టముక్క తీసేశాం. ఎవరైనా మొదటి భాగం పట్టుకుని కౌంటర్ దగ్గరకు వస్తే ఒకటి రెండు మాటలు అడిగి, అప్పుడు బిల్లు వేస్తాం. జరిగింది ఇంతే. ఇంతమాత్రానికే కొందరికి కోపం వచ్చింది కాబట్టి కారణాలు కూడా రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ఈ సిరీస్ గురించి మీరు చెప్పినన్ని మాటలు మా షాపులో ఇంకే పుస్తకం గురించీ చెప్పలేదు. కౌంటర్ కింద ఒక రూళ్ల పుస్తకం ఉంటుంది. ఎవరు ఏ పుస్తకం గురించి ఏమన్నారో మా వాళ్లు అందులో రాసి పెడతారు, తర్వాత ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకోవడానికి. అందులో ఒక పేజీ పైభాగాన ఒకావిడ మాట ఉంది. మొదటి భాగం చివరి పేజీలన్నీ రాత్రి నిద్ర మానుకుని చదివారట, ఏడ్చారట, రెండోది ఉందా అని షాపు తెరవకముందే ఫోన్ చేశారు. సరిగ్గా దాని కిందే ఇంకొకాయన మాట. తొంభయ్యో పేజీ దగ్గర ఆపేశారు, ఎవరు ఎవరో తెలియడం లేదు, ఇంకేమైనా ఉంటే ఇవ్వమన్నారు. ఇద్దరూ చాలాకాలంగా మా దగ్గర కొంటున్నవాళ్లే. ఇద్దరూ చెప్పింది నిజమే.

ఆయన ఎందుకు ఆగిపోయారో నాకు అర్థమవుతుంది. మొదటి భాగం ‘హౌస్ ఆఫ్ ఎర్త్ అండ్ బ్లడ్’ 2020 మార్చిలో వచ్చింది, 800 పేజీల పుస్తకం. కథ మొదలవకముందే ఒక మ్యాపు, ఆ తర్వాత నాలుగు ‘హౌస్’ల పట్టిక. రూపం మార్చుకునేవాళ్లు, మంత్రగత్తెలు, మనుషులు ఒకదాని కింద; దేవదూతలు, ఫే జాతి (మనిషిని పోలి, మంత్రశక్తులున్నవాళ్లు) ఇంకోదాని కింద; నీళ్లలో బతికేవన్నీ మూడోదాని కింద; రక్తపిశాచాలూ ప్రేతాలూ నాలుగోదాని కింద. సరే అని పేజీ తిప్పితే వీళ్లందరూ ఒకే నగరంలో, చేతుల్లో ఫోన్లతో, క్లబ్బులకూ ఆఫీసులకూ తిరుగుతూ కనిపిస్తారు. లోకాన్ని ఏలేవాళ్లు వేరు, వాళ్ల తరఫున నగరాన్ని చూసుకునే గవర్నర్ వేరు, వీధుల్లో కాపలా కాసే తోడేళ్ల దళాలు వేరు. కొత్త ఉద్యోగంలో చేరిన రోజే పైనుంచి కిందిదాకా అందరి పేర్లూ హోదాలూ పాత గొడవలూ గంటలో అప్పజెప్పినట్టు ఉంటుంది.

అర్థం కాకపోతే ఓపిక లేదంటారు కొందరు అభిమానులు. నేను ఒప్పుకోను. మొదటి వంద పేజీల్లో సమాచారం కథలో కలవలేదు, పైన తేలుతూనే ఉంది. ఇది రాతలోని లోటు. వంద పేజీలు ఓర్చుకోమని చెప్పడం తేలికే, కానీ అది చదివేవాళ్ల సాయంత్రాలు పోయే వ్యవహారం.

అయితే ఆవిడ ఎందుకు ఏడ్చారో కూడా నాకు తెలుసు, ఎందుకంటే నాకూ ఆ పుస్తకంలో అదే నచ్చింది. కథానాయిక బ్రైస్ క్విన్లన్ సగం ఫే, సగం మనిషి. పురాతన వస్తువులు అమ్మే గ్యాలరీలో పని చేస్తుంటుంది. ఆమె ప్రాణస్నేహితురాలు డానికా తోడేళ్ల దళానికి నాయకురాలు. డానికా హత్య జరుగుతుంది. ఇది వెనక అట్ట మీదే ఉంది కాబట్టి నేనేమీ బయటపెట్టడం లేదు. ఆ తర్వాత కథ ఒక్కసారి దాదాపు రెండేళ్లు ముందుకు దూకుతుంది. కేసు మూసేశారు, జనం మర్చిపోయారు, బ్రైస్ మాత్రం పైకి మామూలుగా తిరుగుతూ లోపల అక్కడే ఆగిపోయి ఉంటుంది. అప్పుడు హంట్ ఆథలార్ అనే, తిరుగుబాటు చేసి ఓడి బానిసైన దేవదూతతో కలిసి మళ్లీ ఆ హత్యల వెనక ఎవరున్నారో వెతకాల్సి వస్తుంది. రెక్కలు, రాక్షసులు, పోరాటాలు అన్నీ ఉన్నాయి, కానీ పుస్తకాన్ని మోసింది మాత్రం ఆడపిల్లల స్నేహం. పోయిన మనిషి చివరిదాకా ప్రతి పేజీలోనూ ఉంటుంది. అంత పొడుగు కథ చివరికి వచ్చేసరికి ఆ స్నేహమే ముడి విప్పుతుంది. అక్కడిదాకా చేరినవాళ్లకు మొదటి వంద పేజీలు గుర్తు కూడా ఉండవు. చేరనివాళ్లకు మిగిలేది అవే.

ఇంకో గొడవ అర దగ్గరే మొదలవుతుంది. అర్బన్ ఫాంటసీ, అంటే నేటి నగరాల్లాంటి చోట మాయలూ మంత్రాలూ నడిచే కథలు, అని ఒకే చోట పెడతాం గానీ అక్కడ రెండు రకాల పుస్తకాలు ఉంటాయి. ఒక రకం డిటెక్టివ్ కథకు దగ్గరి చుట్టం. జిమ్ బుచర్ ‘స్టార్మ్ ఫ్రంట్’ (2000) తీసుకోండి, షికాగోలో ఒక మాంత్రికుడు ప్రైవేటు డిటెక్టివ్‌లా కేసులు తీసుకుంటాడు. బెన్ ఆరొనోవిచ్ ‘రివర్స్ ఆఫ్ లండన్’ (2011)లో ఒక కుర్ర కానిస్టేబుల్‌కు హత్య చూసిన సాక్షిగా దొరికేది దెయ్యం. పుస్తకానికి ఒక కేసు, మనకు తెలిసిన ఊరు, కాస్త వెటకారం. ఇవి చదివి పెరిగినవాళ్లు ‘క్రెసెంట్ సిటీ’ వెనక అట్ట మీద హత్య, దర్యాప్తు అన్న మాటలు చూసి ఇదీ అదే అనుకుంటారు. లోపల దర్యాప్తు ఉంది, నిజమే. కానీ దానితో సమానంగా బ్రైస్, హంట్ మధ్య నెమ్మదిగా ముదిరే ప్రేమ ఉంది, సామ్రాజ్యం మీద తిరుగుబాటు ఉంది, నగరం కూడా ఏ మ్యాపులోనూ లేనిది. మాస్ పాత పుస్తకాల నుంచి వచ్చినవాళ్లు ఆ ప్రేమ కోసమే వస్తారు. దర్యాప్తు ఎంత సాగినా వాళ్లు సర్దుకుంటారు. డిటెక్టివ్ పాఠకులు మాత్రం చూపుల మీద చూపులు వర్ణిస్తుంటే హంతకుడు ఎప్పుడు దొరుకుతాడా అని పేజీలు లెక్కపెట్టుకుంటారు.

రెండో భాగం ‘హౌస్ ఆఫ్ స్కై అండ్ బ్రెత్’ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కథ చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు, బ్రైస్ ఒక్కదాని వెంటే వెళ్దామనుకున్నవాళ్లకు విసుగొచ్చింది, మిగతా పాత్రలు నచ్చినవాళ్లకు పండగైంది. చివరి పేజీ మాత్రం అందరి నోళ్లూ తెరిపించింది.

ఆ చివరి పేజీతోనే మాకు అసలు తలనొప్పి. వచ్చే రెండు పేరాలు రెండో భాగం పూర్తి చేయనివాళ్లు దాటేయండి.

రెండో భాగం ఆఖరున కథ మాస్ రాసిన ఇంకో సిరీస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ లోకంలోకి అడుగుపెడుతుంది. ఆ సిరీస్ 2015లో మొదలైంది, 2021 నాటికి అందులో ఐదు పుస్తకాలు. అవి చదివినవాళ్లు ఆ పేజీ దగ్గర కేకలు పెట్టారు. చదవనివాళ్లు ఈ కొత్త మనిషి ఎవరని మమ్మల్ని అడిగారు. మూడో భాగం ‘హౌస్ ఆఫ్ ఫ్లేమ్ అండ్ షాడో’ 2024 జనవరిలో వచ్చాక వరస తిరగబడింది. రెండు లోకాలూ గట్టిగా ముడిపడతాయని రెండేళ్లు ఎదురుచూసినవాళ్లే ఎక్కువ నిరాశపడ్డారు, ఆ ముడి వాళ్లు ఊహించుకున్నంత పెద్దది కాదు. ఆ ఐదూ చదవకుండా నేరుగా వచ్చిన కొందరు మాత్రం బ్రైస్ కథ ముగిసింది, చాలు అని తృప్తిగా వెళ్లారు. ఎక్కువ తెలిసినవాళ్లకు ఎక్కువ ఆశ ఉంటుంది కదా.

ఇప్పుడు కౌంటర్ దగ్గర నిలబడే మా పిల్ల పరిస్థితి ఆలోచించండి. మొదటి భాగం కొంటున్న మనిషితో, మూడోది చదివేలోపు ఆ ఐదు పుస్తకాలు చదివితే మంచిదని చెప్పాలా వద్దా? చెబితే రెండో భాగం చివరి పేజీ సగం బయటపెట్టినట్టే. చెప్పకపోతే ముందే ఒక మాట అనొచ్చుగా అని తర్వాత అడుగుతారు. అందుకే ఇకపై మా మొదటి ప్రశ్న ఇది: ఈ రచయిత్రివి ఇంకేమైనా చదివారా? లేదని చెబితే, ఆవిడ సిరీస్‌లు ఏ వరసలో చదవాలో రాసిన కాగితం ఒకటి మడిచి పుస్తకంలో పెడతాం. విప్పడం, విప్పకపోవడం మీ ఇష్టం.

రెండో ప్రశ్న పుస్తకం ఎవరికోసం అన్నది. ఇది అడిగినందుకే ఒకాయన చిన్నబుచ్చుకున్నారు, తన కూతురు ఏం చదవాలో మేం చెప్పేదేంటని. ఆ హక్కు మాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ మాస్ మొదట టీనేజ్ పాఠకుల రచయిత్రిగానే పేరు తెచ్చుకున్నారు. ఆవిడ ఇంకో సిరీస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ కూడా మొదట టీనేజ్ పుస్తకంగానే అమ్మి, 2020లో కొత్త అట్టలతో పెద్దల విభాగానికి మార్చారు. ‘క్రెసెంట్ సిటీ’ మొదటినుంచీ పెద్దల కోసం రాసిందే. శృంగారం, మత్తుమందులు, బూతులు, హింస అన్నీ దాపరికం లేకుండా ఉంటాయి. అట్ట చూస్తే అలా అనిపించదు. పదమూడేళ్ల అమ్మాయి పుట్టినరోజుకని కొంటున్నవాళ్లకు ఈ మాట చెప్పి, తర్వాత వాళ్ల నిర్ణయానికి వదిలేస్తాం. చెప్పడం మాత్రం మానం.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి హైప్ ఉన్న సిరీస్ మా లాంటి చిన్న షాపుకు అద్దె కట్టే పుస్తకం. కొత్త భాగం వచ్చిన వారంలో అమ్మినంత మిగతా నెలలో అమ్మం. ఎవరూ అడగని కవిత్వం, అనువాదాలు అరల మీద ఉండగలుగుతున్నాయంటే కొంత ఈ లావు పుస్తకాల పుణ్యమే. అందుకని హైప్‌ను తిట్టే అర్హత నాకు లేదు. కానీ హైప్ చూసి వచ్చి నిరాశపడ్డ మనిషి మళ్లీ రాడు, వచ్చినా మేం చెప్పింది నమ్మడు. ఒక్క పుస్తకం అమ్ముడుపోవడం కంటే ఆ నమ్మకం మాకు ఎక్కువ. లావు పుస్తకాలకు ఇంకో బాధ, స్థలం. హార్డ్‌బౌండ్ మూడో భాగం ఒక పెట్టె వచ్చిందంటే బల్ల కింద కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు.

మూడో భాగం గురించి ఇంకో ఫిర్యాదు ఉంది. దాని ప్రత్యేక ఎడిషన్లలో కొన్నింటికి అదనపు సన్నివేశాలు చేర్చారు, ఒక్కో దుకాణం ఎడిషన్‌లో ఒక్కో సన్నివేశం. మామూలు కాపీలో అవి ఉండవు. అవి కావాలని అడిగి, లేవని తెలిసి మా మీద విసుక్కున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల విసుగు న్యాయమైనదే, కాకపోతే చిరునామా మాది కాదు. కథకు అవసరమైతే పుస్తకంలోనే ఉండాలి, అవసరం లేకపోతే దానికోసం రెండో కాపీ కొనకండి. పుస్తకాలు అమ్ముకుని బతికేవాడినే చెబుతున్నాను.

మా వాళ్ల గురించి కూడా ఒక మాట. మొదటి భాగం ఆరంభం బరువుగా ఉంటుందని మా షాపు అమ్మాయి అన్నందుకు ఒకరు గట్టిగా మాట్లాడారు. ఇంకొక రోజు వేరొకరు అదే పుస్తకం కొంటున్న కాలేజీ పిల్లలను చూసి, ఇదీ ఒక చదువేనా అని అందరికీ వినిపించేలా నవ్వారు. రెండూ మాకు వద్దు. మా వాళ్లు చదివి తమ అభిప్రాయం చెబుతారు, అందుకే జీతం ఇస్తున్నాను. ఎవరైనా 800 పేజీల పుస్తకం ఇష్టంగా ఇంటికి తీసుకెళ్తుంటే నవ్వే పని మాత్రం మా షాపు బయట పెట్టుకోండి.

ఆచరణలో ఏం మారిందంటే, మొదటి భాగం కాపీ ఒకటి కిటికీ దగ్గర బెంచీ మీద ఉంటుంది, ప్లాస్టిక్ కవర్ వేసి. కొనకముందు ఎంతసేపైనా కూర్చుని చదవండి. కొన్నాక నచ్చకపోతే, పేజీలు నలగకుండా పక్షం లోపు తెస్తే అదే విలువకు ఇంకో పుస్తకం తీసుకోవచ్చు. ఈ వీలు మొదటి భాగానికే. రెండోది, మూడోది మార్చుకోం, అక్కడిదాకా వచ్చినవాళ్లకు ఏం కొంటున్నారో తెలుసు. డిటెక్టివ్ తరహా కావాలన్నవాళ్లకు పైన చెప్పిన రెండు సిరీస్‌ల మొదటి భాగాలు పక్కనే పెట్టాం. ‘స్టార్మ్ ఫ్రంట్’ ఇస్తూ, అందులో ఆడవాళ్లను చూసే తీరు కొందరికి చిరాకు తెప్పిస్తుందని కూడా చెబుతున్నాం. ఏ ఒక్క సిరీస్‌కూ మినహాయింపు లేదు.

పాత కాపీల విభాగంలో ‘హౌస్ ఆఫ్ ఎర్త్ అండ్ బ్లడ్’ పేపర్‌బ్యాకులు చాలా వచ్చాయి. వాటిలో సగానికి వీపు మీద మడత మొదటి వంద పేజీల దగ్గరే ఆగిపోయింది, తర్వాతంతా కొత్త పుస్తకమే. ప్రయత్నించి చూద్దామనుకునేవాళ్లు కొత్తది కాకుండా ముందు వాటిలో ఒకటి తీసుకోండి. రెండో భాగం పాతవి ప్రస్తుతం లేవు, ఎవరైనా అమ్మదలుచుకుంటే తీసుకురండి, తీసుకుంటాం.