ఈ ఏడాది ఇంగ్లీష్ క్లాసుల సంగతి: వార్షిక నివేదిక

అందరికీ నమస్కారమండీ. చందాల లెక్కలు ట్రెజరర్ గారు విడిగా పెడతారు. నేను డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లల ఇంగ్లీష్ క్లాసు గురించే రాస్తున్నా, ఏడాదంతా మన టైమ్ ఎక్కువగా దానికే పోయింది కాబట్టి.

మొదట్లో మనం చేసింది తప్పే, ఒప్పుకోవాలి. ఒక్కో స్పెల్లింగూ పదేసి సార్లు రాయించాం, రాశారు, మర్నాటికి మర్చిపోయారు. తెలివి తక్కువై కాదు, అక్షరాన్ని దాని శబ్దంతో ముడిపెట్టడం దగ్గరే వాళ్ళకి చిక్కు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలావరకు రాసింది రాసినట్టే చదివేయొచ్చు, అందుకే తెలుగు ఎలాగోలా లాక్కొచ్చే పిల్లాడు కూడా ఇంగ్లీష్ దగ్గర ఆగిపోతాడు, అక్కడ అక్షరాలు 26, శబ్దాలేమో 44 దాకా, పైగా 'దో' (అయినా), 'త్రూ' (గుండా), 'కాఫ్' (దగ్గు) మూడింటి చివరా అవే ఓ, యూ, జీ, హెచ్. పెద్దాళ్ళకే తిక్క రేగుతుంది!

తర్వాత 1930లలో అమెరికాలో డాక్టర్ శామ్యూల్ ఆర్టన్, టీచర్ అన్నా గిల్లింగ్‌హామ్ మొదలుపెట్టిన దారి పట్టాం. చూస్తూ, వింటూ, పైకి పలుకుతూ, ఇసుకలో వేలితో రాస్తూ ఒక్కో శబ్దమే నేర్చుకోవడం. చిన్న బీ, చిన్న డీ ఒకేసారి చెప్పలేదు, బీ బాగా కుదిరాకే డీ. ఇంకోటి, నోటికి రాని మాటని పుస్తకంలో చదివించడం మానేశాం, అర్థం తెలియని మాట చదివి వాడికి ఒరిగేదేంటి చెప్పండి.

నాకు బాగా కళ్ళు తెరిపించింది మాత్రం 'బుక్కు'. ఒక పిల్లాడు ఇంగ్లీష్‌లో 'బుక్' చివర యూ పెట్టి రాస్తుంటే డిస్లెక్సియా అనుకున్నాం, తీరా చూస్తే మనందరం బుక్కు, బస్సు అనే కదా అంటాం, చెవికి విన్నట్టే రాశాడు పాపం. ఏ తప్పు తెలుగు అలవాటు, ఏది డిస్లెక్సియా అని విడదీయకుండా ఎర్ర ఇంకు పెట్టేస్తే పిల్లాడు మళ్ళీ పెన్ను పట్టడు.

అందరూ గడగడా చదివేస్తున్నారని చెప్పను. కొందరు చిన్న మాటలు కూడబలుక్కుంటున్నారు, అంతే. చుట్టాల ముందు చదివించి చూపించకండి, ప్లీజ్. వచ్చే ఏడాదికి ఒక్కో పిల్లాడి పక్కన కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళు కావాలి, ఇంగ్లీష్ గొప్పగా రాకపోయినా పర్లేదు. అన్నట్టు చెక్క అక్షరాల డబ్బాలో రెండు 'ఈ'లు కనబడట్లేదు, ఎవరింట్లోనైనా ఉంటే పంపించండి.