లకుముకి పిట్ట ఇంజిన్

ఒరేయ్ మామా,

నాలుగు నెలలైంది నీకు రాసి, కోపం తెచ్చుకోకు. పాపకి జ్వరం తగ్గింది, ఆఫీసు మామూలే, గ్లాస్గోలో చలి మొదలైంది. మిగతావి ఫోన్లో. అసలు సంగతి విను.

మా కింది వాటాలో పెద్దాయన లేడూ, ఆయన ఒకప్పుడు బొగ్గు ఇంజిన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్ అట రా! నిన్న మాటల్లో బిట్రగుంట రైలింజిన్ల షెడ్డు, మీ నాన్నగారి సంగతి చెప్పాను. మన డబ్ల్యూజీ రకం గూడ్సు బొగ్గు ఇంజిన్లు కొన్ని ఈ ఊళ్లోనే తయారయ్యాయి కదా, ఆ మాట అనగానే లోపలికెళ్లి అరచేయంత నోట్‌బుక్ తెచ్చాడు. అంతా పెన్సిల్ రాత. తేదీ, ఇంజిన్ నంబరు, డ్యూటీ ఎక్కిన టైము. పేజీల అంచులకి ఇంకా మసే.

1962 నుంచి గ్లాస్గో బుకానన్ స్ట్రీట్, అబర్దీన్ మధ్య మూడు గంటల ఎక్స్‌ప్రెస్‌లు ఉండేవి. కొత్త డీజిళ్లు మాటిమాటికీ మొరాయిస్తుంటే, లండన్ లైన్లో పని తప్పిన ఏ4 రకం బొగ్గు ఇంజిన్లని ఇటు తెచ్చారు. 1938లో గంటకి 126 మైళ్ల స్పీడు అందుకున్న మల్లార్డ్ ఉందే, దాని అక్కచెల్లెళ్లు! పెర్త్, ఫోర్ఫర్ మీదుగా నూట యాభై మైళ్ల పైమాట. ఆ బండ్లన్నీ పెద్ద లింకు వాళ్లవే, అంటే బాగా సీనియర్లవే. ఎవరైనా సెలవు పెడితేనే ఈయనకి ఛాన్సు. నోట్‌బుక్ మొత్తంలో ఏడుసార్లు, ఏడింటి కిందా గీతలు. ఇంజిన్ పొయ్యిలో వెనక మూలల్లో బొగ్గు మందంగా, ముందుకి పోనుపోను పల్చగా ఉండాలట. బల్ల మీద పంచదార పోసి టీ చెంచాతో చూపించాడు, వాళ్లావిడ ఏమీ అనలేదు పాపం.

1966 సెప్టెంబర్‌లో ఏ4లకి ఆఖరి రోజులు. రోస్టర్‌లో ఈయనకి గూడ్సు పడింది. వేరే బండికి దారివ్వడానికి లూప్ లైన్లో ఆపేశారు. పక్క లైన్లోంచి కింగ్‌ఫిషర్ అనే ఏ4 వెళ్లిపోయింది. అంటే మన లకుముకి పిట్ట రా! ఆ ఇంజిన్ విజిల్ మూడు స్వరాలు కలిపి మోగుతుందట. నోటితో ఊది వినిపించబోయి ఆగిపోయాడు. నాకేం మాట్లాడాలో తోచలేదు. నువ్వుండాల్సింది.

ఇంకోటి, ఈయన కుర్రాడప్పుడు మొదట చేసిన పనేంటో తెలుసా? కాల్ బాయ్! అర్ధరాత్రి తలుపులు కొట్టి డ్రైవర్లని లేపడం. మీ నాన్నగారు డ్యూటీ పిలుపుకి సంతకం చేసే కాల్ బుక్‌లో మనం పెట్టిన సంతకం గుర్తొచ్చి ఒకటే నవ్వు. పెద్దాయనకి చెప్పాలనే చూశాను, కానీ ఆ మేక సంగతి ఇంగ్లీషులో ఎలా...

పాపని స్కూల్లో దింపాలి, హారన్ కొడుతున్నారు. నాన్నగారి పాత నోట్‌బుక్కులు ఉన్నాయేమో చూడు, పెద్దాయన మరీ మరీ అడిగాడు.