చిత్తూరు నీళ్ళు, అత్త గుప్పెడు

తిరుపతి,
ఆదివారం రాత్రి

ప్రియమైన మిత్రమా,

నీ మూడు ఉత్తరాలకూ కలిపి ఒకే జవాబు రాస్తున్నందుకు నన్ను మన్నించు. సంక్రాంతికి ముందు ఒకసారి, ఉగాది వెళ్ళాక మరొకసారి మొదలుపెట్టిన కాగితాలు రెండూ హోటలు లెక్కల పుస్తకంలోనే ఉండిపోయాయి. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నవాడు పదో తరగతి గట్టెక్కాడు, నువ్వు పంపిన మామిడి అంటు బతికి చిగురు వేసింది. ఇక అసలు విషయానికి వస్తాను. గురువారం నుంచి అది నా గుండెలో నిండిపోయి ఉంది, పూర్తిగా అర్థం చేసుకోగలిగినవాడివి నువ్వొక్కడివే.

గురువారం ఉదయం చిత్తూరులో మన హోటలు మళ్ళీ తెరిచాము. దానితో ఆరు శాఖలయ్యాయి. ఆ రోజు అత్త కుర్చీలో కూర్చుని టిఫిను తిన్నది.

ఇందులో విశేషమేముందని ఇంకెవరైనా అడుగుతారేమో కాని, నువ్వు అడగవు. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో, నాలుగు బల్లలు మాత్రమే పట్టే ఆ ముందుగదిలో, యూనివర్సిటీ చదువు సాగినన్నాళ్ళూ మనమిద్దరం రోజూ తిన్నాము కదా, అత్త తింటూ ఉండగా ఒక్కసారైనా చూశావా? నేను చూడలేదు. అందరూ వెళ్ళిపోయాక, గిన్నె అడుగున మిగిలిన పిండితో ఒక అట్టు పోసుకుని, దానిని పళ్ళెంలో కూడా కాక మూతలో పెట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడి తినేదని ఈ మధ్య మామ చెబితే తెలిసింది. మేనల్లుడినై ఉండి ఇన్నేళ్ళలో నేను ఆ సంగతి గమనించకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. నీ రెండున్నర ఇడ్లీల లెక్క మాత్రం పాత చిట్టాలో మామ చేతిరాతతో ఇప్పటికీ భద్రంగా ఉంది. దాని అసలు కారణం నేనెవరికీ చెప్పలేదు.

నువ్వు ఊరు విడిచి వెళ్ళేనాటికి బస్టాండు ఎదుట రెండోది మొదలైంది. ఆ తరువాత బైరాగిపట్టెడ, అలిపిరి రోడ్డు, శ్రీకాళహస్తి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. డబ్బంతా చీటీలు పాడిందే. ఒక కొట్టు తన కాళ్ళ మీద తాను నిలబడేదాకా రెండోదాని మాట ఎత్తకూడదన్నది మామ పట్టు, ఆ పట్టు వల్లనే మేము మునిగిపోకుండా ఉన్నాము. 2020 మార్చి 20న కొండ మీద యాత్రికులకు దర్శనాలు ఆపివేసినప్పుడు ఈ ఊరు ఎంత మూగబోయిందో నీకు చెప్పనక్కరలేదు. జూన్ 11న అందరికీ దర్శనం మళ్ళీ మొదలయ్యేదాకా మా అయిదింటిలో నాలుగు తాళం తీయలేదు, ఎందుకంటే ఆ నాలుగూ యాత్రికుల మీదే బతుకుతున్నాయి. బైరాగిపట్టెడ ఒక్కటే, చుట్టుపక్కల ఇళ్ళకు పొట్లాలు కట్టి ఇచ్చి, ఆ కాలమంతా మిగిలిన పనివాళ్ళకు కూడా అన్నం పెట్టింది. యాత్రికుడు రాకపోయినా నడిచే కొట్టు ఒకటి కావాలని మామ అప్పుడే నిశ్చయించుకున్నాడు. కోర్టులు, కలెక్టరాఫీసు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పనుల మీద పల్లెల నుంచి వచ్చే జనం, ఇవన్నీ లెక్కవేసుకుని చిత్తూరును ఎంచుకున్నాడు.

చిత్తూరు మమ్మల్ని పదకొండు నెలల్లో ఓడించింది. నీకు ఆ సంగతి అప్పట్లో రాయలేదు, రాయడానికి చెయ్యి రాలేదు.

ఇడ్లీ బాగుంది, దోశ బాగుంది, చెనక్కాయల ఊరుబిండి పచ్చడిని అడిగి మరీ వేయించుకునేవారు. కాని సాంబారు నోట్లో పెట్టుకున్నవాడు రెండో గరిటె అడిగేవాడు కాదు. రంగు నల్లబడి, సబ్బు లాంటి వాసన ఒకటి అడుగున తగిలేది. కందిబేడలు తిరుపతి నుంచి వెళ్ళినవే, పొడి అత్త దంచించినదే, వంట మాస్టరు గుడి సందులో పన్నెండేళ్ళు పనిచేసినవాడే. అందువల్ల తప్పంతా మాస్టరుదేనని మేమందరం అనుకున్నాము. అందరికంటె ముందు అన్నవాణ్ణి నేను. అతను ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా లెక్క చూసుకుని వేలూరు వెళ్ళిపోయాడు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు...

కొట్టు మూసివేసిన రోజు పాత్రలు లెక్కపెట్టి తెచ్చుకోవడానికి అత్త మొదటిసారిగా చిత్తూరు వచ్చింది. పాత్రలన్నీ వ్యానులోకి ఎక్కించాక కుళాయి దగ్గర చేతులు కడుక్కోబోయి, సబ్బు రుద్ది, నీళ్ళు పోసుకుని, మళ్ళీ రుద్ది, చాలాసేపు అరచేతుల వైపు చూస్తూ నిలబడిపోయింది. నురుగు రాలేదు. "ఈ నీళ్ళల్లో బేడలు ఉడకవు గదా నాయనా, మాస్టరేం చేస్తాడు?" అన్నది. ఆ బోరు నీటిని రెండు క్యాన్లు నింపించి ఇంటికి తెచ్చి, ఆ రాత్రే రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టి, ఒకే సంచిలోని బేడలను చెరి అర్ధశేరు పోసింది. కల్యాణి డ్యాము నుంచీ కండలేరు నుంచీ వచ్చే మన తిరుపతి నీటిలో అవి ముప్పావుగంటకు వెన్నలా మెదిగిపోయాయి. చిత్తూరు నీటిలో గంటంబావు దాటినా పూసల్లా నిలబడే ఉన్నాయి. నీటిలో సున్నపు లవణాలు ఎక్కువైతే అవి పప్పు పైపొరను పట్టుకుని మెత్తబడనివ్వవని తరువాత చదివి తెలుసుకున్నాను కాని, ఆమెకు ఆ సంగతి సబ్బు చెప్పింది.

మామ మరునాడే వేలూరు వెళ్ళి మాస్టరును కలుసుకున్నాడు. ఆరు గంటలకు తలుపు తీయాలి, బేడలు ఉడకవు, గత్యంతరం లేక వంటసోడా వేశానని అతను చెప్పాడట. ముందే ఎందుకు చెప్పలేదని మామ అడిగితే, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూశానన్నాడట. ఈ మాట విన్న రోజు నేను భోజనం చేయలేకపోయాను. అతనిప్పుడు మళ్ళీ మా దగ్గరే ఉన్నాడు. గురువారం చిత్తూరులో పొయ్యి వెలిగించినది అతని చేతనే.

అప్పటి నుంచి బావ పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. అత్త ఒక్కతే, కొట్లు ఆరు. ఆమె చేతిలో ఉన్నదానిలో వ్యానులో వెళ్ళగలిగేది ఎంత, వెళ్ళలేనిది ఎంత? అతను బెంగళూరులో పది రోజులు ఉండి, 1924 నుంచి నడుస్తున్న మావళ్ళి టిఫిన్ రూమ్స్‌లో పొద్దుటి వరుసలో నిలబడి తిని వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దొరకనప్పుడు రవ్వతో ఇడ్లీ వేసి చూపినవారు తామేనని వాళ్ళు చెప్పుకుంటారు. ఇబ్బంది వచ్చినప్పుడు వాళ్ళు సరుకును మార్చుకున్నారు తప్ప, నాణ్యం వదులుకోలేదని బావ పదేపదే అంటాడు.

ఇక తూకం కథ విను. మేడ మీద అత్తను కూర్చోబెట్టి, ఎదురుగా ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, నేను పెన్ను పట్టుకున్నాను. "మెంతులు ఎంత?" అంటే "గుప్పెడు" అన్నది. గుప్పెడు తీసి కాటాలో పోయమన్నాను. మొదటిసారి 46 గ్రాములు, రెండోసారి 38, మూడోసారి 51 వచ్చింది. నేను నిరాశపడి కాటా పక్కకు జరపబోతుంటే, ఆమె నిదానంగా, మొదటిది ఈ రోజుకు, రెండోది వాన పట్టిన రోజుకు, మూడోది మార్గశిర మాసంలో చలి రాత్రికి అని చెప్పింది. మిత్రమా, నా ఒళ్ళు జలదరించింది. అవి తడబాటుతో వచ్చిన తేడాలని నేను అనుకున్నాను. ఆమె మాత్రం మూడు వేర్వేరు గుప్పెళ్ళను తెలిసి తీసింది. ఎండాకాలం ఏడెనిమిది గంటల్లో పొంగే పిండికి చలికాలంలో పన్నెండు గంటలు దాటినా చాలదని మనకందరికీ తెలుసు. దానికి తగినట్టు మెంతులు, ఉద్దిపప్పు, ఉప్పు వేసే వేళ, రుబ్బేటప్పుడు పోసే నీటి చల్లదనం అన్నీ ఆమె చెయ్యి మార్చుకుంటూ వచ్చిందని మాత్రం ఎవరమూ గ్రహించలేదు. ఆ రోజు నుంచి నలభై రోజులు నేను ఆమె పక్కనే కూర్చుని రాశాను. కొత్త పప్పుకు ఒక పుట, పాత పప్పుకు ఒక పుట, వాన రోజుకు ఒక పుట ఉన్నాయి. ఆ నోటుపుస్తకం ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంది. దాని ప్రతులు ఆరు వంటగదుల్లోనూ ఉన్నాయి.

పిండి, ఉడికించిన బేడల ముద్ద, పొడులు తిరుపతిలో ఒకే వంటింట్లో తయారై వ్యానులో వెళ్ళాలని తేల్చుకున్నాము. తిరగమోత మాత్రం ఏ కొట్టుకు ఆ కొట్టులోనే పెట్టాలని అత్త ఒక్క మాటలో చెప్పింది, ఇంగువ వాసన డబ్బాలో ప్రయాణం చేయదన్నది. చట్నీ కూడా అంతే, రెండు గంటలకు ఒకసారి అక్కడికక్కడే నూరాలి. మొదటి ప్రయత్నంలో పిండి డబ్బాలను చల్లబరచకుండా పంపితే, వైశాఖపు వేడికి పూతలపట్టు చేరేసరికి మూతలు లేచి పిండంతా వ్యాను నేల మీదికి వచ్చింది. ఇప్పుడు పొంగిన వెంటనే చల్లని గదిలో పెట్టి, మంచుపెట్టెలాంటి వ్యానులో పంపుతున్నాము. చిత్తూరుకు వేలూరు నలభై కిలోమీటర్లయినా లేదు, వేలూరులో ఎందుకు పెట్టలేదని నువ్వు అడిగావు కదా; రాష్ట్రం దాటితే జీఎస్టీకి అది వేరే వ్యాపారి కింద లెక్క, ఇక్కడి నుంచి పంపే ప్రతి డబ్బాకూ పన్ను పడుతుంది, బిల్లు మీద 5 శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్న హోటలు దానిని తిరిగి రాబట్టుకోలేదు. అది తరువాతి మాట.

సుద్దముక్క సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1948లో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు, బాగా నడుస్తున్న తమ హోటలును మూసి, టెన్నిస్ కోర్టు మీద సుద్దతో కొత్త వంటగదిని గీసి, పనివాళ్ళను అందులో నడిపించి చూసుకున్నారని బావ చదివాడు. ఆ విధంగానే మా మేడ మీద చిత్తూరు వంటగదిని కొలతలతో గీశాడు. మాస్టరు, ఇద్దరు కుర్రవాళ్ళు, చట్నీ రుబ్బే ఆమె ఖాళీ గిన్నెలు పట్టుకుని సాయంత్రమంతా ఆ గీతల మధ్య తిరిగారు. అత్త నీళ్ళట్యాంకు నీడలో కూర్చుని చూసింది. చివరకు లేచి, తడిగుడ్డతో పెనం గుర్తును తుడిచి, రెండు మూరలు ఇవతలకు గీసింది. "దోశ తీసేవాడు సాంబారు పోసేదానికి వీపు చూపించకూడదు, కాలతాది" అన్నది. ఆమె గీసిన చోటనే ఇప్పుడు పెనం ఉంది.

గురువారం. తెల్లవారుజామున నాలుగింటికే వ్యానుతో పాటు చేరాము. వంటింట్లో శుద్ధి యంత్రం బిగించాము కనుక అత్త ముందుగా సబ్బు అడిగి చేతులు కడుక్కుంది. నురుగు వచ్చింది. మాస్టరు వైపు చూసి తల ఊపింది, అంతే, అతను కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత ఒక కందిబేడను వేళ్ళ మధ్య నలిపి చూసి, వంటింట్లో నుంచి బయటికి నడిచి, ఆరో నంబరు బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. సప్లయరు కుర్రవాడికి ఆమె ఎవరో తెలియదు. ఏం కావాలమ్మా అని అడిగాడు.

"రెండున్నర ఇడ్లీ" అన్నది.

నా చేతిలో ఉన్న టోకెన్ల కట్ట కింద పడింది. బిల్లు యంత్రంలో అర ఇడ్లీ లేదని ఆ పిల్లవాడు గల్లా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. బావకు ఏమీ అర్థం కాలేదు, మామ మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇడ్లీని చాకుతో కోసి పంపించాము. ఆమె తొందర లేకుండా, కూర్చుని, చివరి ముక్క వరకు సాంబారులో నంజుకుని తిని, కొంగు ముడి విప్పి డబ్బు ఇచ్చింది. మామ వద్దన్నా వినలేదు. చేయి కడుక్కోవడానికి వెళుతూ నా దగ్గర ఆగి, "ఆ పిల్లోడు ఇప్పుడైనా మూడు తింటా ఉండాడా?" అని అడిగింది.

అంటే ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆ మిగిలిన సగం నువ్వు కాగితంలో చుట్టి ఎవరికి తీసుకువెళ్ళేవాడివో కూడా ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ తరువాత తానే ఒక మాట అన్నది, అది ఉత్తరంలో రాసేది కాదు, నువ్వు వచ్చినప్పుడు నీ ఎదుట కూర్చుని...

వ్యాను హారను మోగుతోంది. మూడున్నర అయిపోయిందని ఇప్పుడే చూశాను, డబ్బాలు లెక్క చూసి పంపాలి. ఇంకా శ్రీకాళహస్తి సంగతి రాయనే లేదు. గంగమ్మ జాతరకు రా, అత్త అడిగిన ప్రశ్నకు నువ్వే జవాబు చెప్పుకోవాలి.

నీ
గుడి సందు మిత్రుడు