నానో చర్చలో జనానికీ ఒక కుర్చీ వేయండి

సంపాదకుడు గారికి,

నానోటెక్నాలజీ, అంటే కంటికి కనబడనంత చిన్న రేణువులతో వస్తువులు తయారుచేసే విద్య మీద మీ సైన్స్ పేజీలో వచ్చే వార్తలు వదలకుండా చదువుతాను. దాదాపు అన్నిటిదీ ఒకటే వరస: శాస్త్రవేత్తలు కనిపెట్టారు, ఇక అద్భుతాలే అని. ఆ వస్తువులు కొనేదీ, ఒంటికి రాసుకునేదీ జనం. వాళ్ల ప్రశ్నలకు మాత్రం అందులో చోటుండదు.

ఇది సామాన్యులకు అర్థమయ్యే విషయం కాదని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు అని చెబితే ఎవరికీ ఏమీ తట్టదు, నిజమే. మన గోరు సెకనుకు సుమారు ఒక నానోమీటరు పెరుగుతుందని చెప్పండి, పిల్లలు కూడా గోళ్లు చూసుకుంటారు. ఇంట్లో చేసుకున్న కోవిడ్ టెస్టులో కనబడే ఎర్ర గీత చాలా కిట్లలో బంగారు రేణువులదే. పచ్చగా మెరిసే బంగారం కొన్ని పదుల నానోమీటర్ల సైజుకు వచ్చేసరికి ఎర్రగా కనిపిస్తుంది. ఇంతవరకు తెలిస్తే తర్వాతి ప్రశ్న ఎవరైనా అడుగుతారు: సైజు తగ్గితే రంగే మారిపోయిందే, మరి ఒంట్లోకి వెళ్తే దాని తీరు మారదా? నిపుణులు ఏళ్ల తరబడి తల పట్టుకుంటున్నదీ దీని దగ్గరే.

ఆ మాత్రం చర్చ లేకపోతే పేరు చూసే మురిసిపోతాం, పేరు చూసే బెదిరిపోతాం. 2006లో జర్మనీలో ‘మ్యాజిక్ నానో’ అనే బాత్రూమ్ స్ప్రే వాడి వంద మంది దాకా ఊపిరాడక ఇబ్బంది పడ్డారు. నానో ముప్పు వచ్చేసిందని గగ్గోలు పుట్టింది. తీరా పరీక్షిస్తే అందులో నానో రేణువులే లేవు! మరోపక్క, వాసన రాకుండా నానో వెండి కలిపిన సాక్సుల్లో కొన్నిటిని ఉతికితే ఆ వెండి నీళ్లలోకి పోతోందని 2008లో అమెరికా పరిశోధకులు చూపించారు. నన్నడిగితే మాట్లాడుకోవాల్సింది దీని గురించి.

జనాన్ని కూర్చోబెట్టి అడిగిన సందర్భాలు లేకపోలేదు. 2005లో బ్రిటన్‌లో ‘నానో జ్యూరీ’ అని మామూలు మనుషుల్ని ఎంపిక చేసి, నిపుణుల్ని వాళ్ల ముందుకు పిలిచారు. వస్తువుల మీద అందరికీ తెలిసే భాషలో లేబుల్ ఉండాలని వాళ్లు అడిగారు. అందులో అర్థం కానిది ఏముంది? ఫ్రాన్స్‌లో 2009-10లో దేశవ్యాప్తంగా సభలు పెడితే మాత్రం కొన్నిచోట్ల రసాభాస అయింది. నిర్ణయాలన్నీ ముందే అయిపోయాయి, ఇప్పుడు మమ్మల్ని అడగడం నాటకమేనంటూ నిరసనకారులు సభలను సాగనివ్వలేదు. సభల్ని అడ్డుకోవడం నాకు నచ్చదు. వాళ్ల అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు. పెళ్లయ్యాక ముహూర్తం అడిగితే ఎవరికైనా మండుతుంది.

అందుకే అవగాహన సదస్సుల కన్నా పత్రికలో ఒక శీర్షిక మేలనుకుంటాను. పాఠకులు తమ చేతిలో ఉన్న వస్తువు గురించి అడగాలి. శాస్త్రవేత్త, తయారీదారు, అనుమతి ఇచ్చే అధికారి విడివిడిగా జవాబివ్వాలి. జవాబు రాకపోతే రాలేదనే అచ్చేయండి.

మొదటి ప్రశ్న నాదే వేసుకోండి. సన్‌స్క్రీన్‌లో ఎండను ఆపడానికి కలిపే తెల్లటి పొడి, నానో టైటానియం డయాక్సైడ్, ఆరోగ్యంగా ఉన్న చర్మం దాటి లోపలికి పెద్దగా పోదంటున్నారు, సరే. అదే స్ప్రేగా కొట్టుకున్నప్పుడు పీల్చే గాలి సంగతేమిటి? అమ్మకానికి ముందు దానికి ఏ పరీక్షలు చేస్తున్నారు?

ఇట్లు,
మీ పాఠకుడు